వాళ్ల విమానం, మన కానుగ చెట్టు

2003 అక్టోబరులో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు ఒక అంతర్జాతీయ సదస్సు జరిపింది. చాలా దేశాల నుంచి ప్రతినిధులు విమానాల్లో వచ్చారు, హోటళ్లలో ఉన్నారు, కార్లలో తిరిగారు. ఈ రాకపోకల వల్ల గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు ఎంతో లెక్క కడితే 147 టన్నులు తేలింది. ఆ మేరకు కాలుష్యాన్ని ఇంకోచోట తగ్గించామని చెప్పుకోవడానికి బ్యాంకు ఒక ఊరిని ఎంచుకుని 645 డాలర్లు చెల్లించింది. ఆ ఊరు ఏ యూరప్‌లోనో లేదు. మన పాత ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే చిన్న గోండు గూడెం. ఆ డబ్బు అందుకున్నది అక్కడి మహిళా సంఘాలు. అమ్మిన సరుకు కానుగ చెట్టు.

విమాన ప్రయాణానికి 'కార్బన్ ఆఫ్‌సెట్' అనే మాట ఈ మధ్య పత్రికల్లో తరచుగా కనిపిస్తోంది. ఒకచోట చేసిన కాలుష్యానికి మరోచోట పరిహారం కట్టడం అని దాని అర్థం. అదేదో పెద్ద పట్టణాల వ్యవహారమని, మనకు సంబంధం లేదని మన యువకులు అనుకుంటారు. విమానం ఎక్కినవాళ్లు మన గూడేల్లో ఎందరున్నారు అని అడుగుతారు. కానీ ఆ పరిహారం కథ ఇరవై ఏళ్ల క్రితమే మన తెలుగు నేల మీద, ఒక ఆదివాసీ గూడెం దాకా నడిచి వచ్చింది. దమ్మపేట, అశ్వారావుపేట, బూర్గంపాడు వైపు ఉన్న మనకూ అది దూరపు సంగతి కాదు. అందుకే ఈ చరిత్రను మన కంటితో చూసి రాస్తున్నాం.

కానుగకు కొత్త పేరు

కానుగ మనకు కొత్త చెట్టు కాదు. వాగుల ఒడ్డున తనంతట తానే మొలుస్తుంది. ఎండాకాలంలో దాని నీడ చల్లన. పుల్ల పళ్లు తోముకోవడానికి, ఆకు పొలానికి ఎరువుగా, నూనె దీపానికి, ఒంటికి గజ్జి పడితే రాసుకోవడానికి పనికొస్తుంది. పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి కంచె లేకపోయినా బతుకుతుంది. ఇన్ని పనులు చేసే చెట్టుకు మన పెద్దలు ఎప్పుడూ ధర కట్టలేదు.

2000 సంవత్సరం తర్వాత ఆ చెట్టుకు కొత్త పేరు వచ్చింది, 'జీవ ఇంధనం' అని. కానుగ గింజల నూనెను డీజిల్‌కు బదులు ఇంజన్లలో వాడవచ్చని శాస్త్రవేత్తలు చూపించారు. ఆదిలాబాద్ జిల్లాలోనే చల్‌పడి గ్రామంలో కానుగ నూనెతో జనరేటర్ నడిపి ఇళ్లకు దీపాలు వెలిగించారు. పవర్‌గూడలో ఉట్నూరు ఐటీడీఏ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, మహిళా సంఘాలు కలిసి పనిచేశారు. నూనె తీసే యంత్రం ఊరికి వచ్చింది. 2002లో ఆడవాళ్లు 4,500 కానుగ మొక్కలు నాటారు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. ప్రపంచ బ్యాంకు చెల్లించిన 645 డాలర్లు చెట్లు గాలిని పీల్చుకున్నందుకు కాదు. ఆ చెట్ల గింజల నుంచి రాబోయే పదేళ్లలో వచ్చే నూనెను డీజిల్‌కు బదులు వాడితే, ఆ మేరకు కాలని డీజిల్ పొగ 147 టన్నులు అవుతుందని లెక్క. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. కాబట్టి 147 టన్నులంటే దాదాపు 54 వేల లీటర్ల డీజిల్ కాలకుండా ఆగాలి. అంటే సదస్సు పొగ ఆ వారంలోనే గాలిలో కలిసింది. దానికి బదులుగా తగ్గవలసిన పొగ మాత్రం పదేళ్లపాటు, కొంచెం కొంచెంగా తగ్గాలి. అదీ చెట్లు బతికితే, కాయలు కాస్తే, ఆ నూనె నిజంగా ఇంజన్లో పడితే.

ఇప్పుడు ధర చూద్దాం. 645ను 147తో భాగిస్తే టన్నుకు 4 డాలర్ల 39 సెంట్లు. ఆనాటి మారకం ధర ప్రకారం డాలరు 45 రూపాయలనుకుంటే మొత్తం 29 వేల రూపాయలు. నాటిన 4,500 మొక్కలకు పంచితే మొక్కకు ఆరున్నర రూపాయలు, అదీ పదేళ్లకు కలిపి. ఈ లెక్కను మా ఉపాధ్యాయ మిత్రులు ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించవచ్చు. భాగహారంతో పాటు లోకం కూడా అర్థమవుతుంది.

అయినా పవర్‌గూడ ఆడవాళ్లు చేసింది చిన్న పని అని మేము అనం. ఆ డబ్బుతో వాళ్లు కానుగ నర్సరీ పెంచారు. సంఘం పేరుమీద వచ్చిన సొమ్ము సంఘం చేతిలోనే ఉంది. మధ్యలో కాంట్రాక్టరు లేడు, ఏజెంటు లేడు. చెట్టు ఊరిదే, గింజ ఊరిదే, నూనె యంత్రం ఊరిదే. ధర తక్కువే, కానీ బేరంలో ఊరు తన పేరుతో నిలబడింది. తర్వాత వచ్చిన చాలా ఒప్పందాల్లో ఇది కనిపించదు. అందుకే పవర్‌గూడను మరిచిపోకూడదు.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది

కాలుష్యం ఒకచోట, పరిహారం ఇంకోచోట అనే పద్ధతి మొదట విమానాల కోసం పుట్టలేదు. 1980ల చివర అమెరికాలో ఏఈఎస్ అనే కరెంటు కంపెనీ కనెక్టికట్ రాష్ట్రంలో బొగ్గు కేంద్రం కట్టింది. దాని పొగకు బదులుగా మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో రైతుల చేత 5 కోట్లకు పైగా చెట్లు నాటించే పథకానికి డబ్బు ఇచ్చింది. పొగ గొట్టం ధనిక దేశంలో, మొక్క పేద రైతు పొలంలో. తర్వాత వచ్చిన పథకాలన్నీ ఈ అచ్చులోనే పోసినవి.

1997 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో నగరంలో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ధనిక దేశాలు తమ పొగను తగ్గించుకోవాలి, అందులో కొంత భాగాన్ని పేద దేశాల్లో శుభ్రమైన పథకాలకు డబ్బు పెట్టి తీర్చుకోవచ్చు అని అందులో ఉంది. దాన్నే 'క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం' అన్నారు. ఆ ఒప్పందం 2005 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. కానీ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లే విమానాల పొగను ఏ దేశం ఖాతాలోనూ వేయలేదు. ఆ పని ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు అప్పగించి వదిలేశారు. ఎవరి ఖాతాలోనూ లేని పొగకు ఎవరు బాధ్యులు? ఆ ఖాళీలోకే స్వచ్ఛంద పరిహారం వచ్చి కూర్చుంది. ప్రయాణికుడు టికెట్టుతోపాటు కొంచెం ఎక్కువ చెల్లిస్తాడు, ఎవరో ఎక్కడో మొక్క నాటుతారు.

ఆ తొలిరోజుల్లో జరిగిన ఒక సంగతి మనకు దగ్గరదే. 2002లో కోల్డ్‌ప్లే అనే బ్రిటన్ పాటల బృందం తమ ఆల్బమ్ తయారీ వల్ల కలిగిన కాలుష్యానికి బదులుగా కర్ణాటకలో 10 వేల మామిడి మొక్కలు నాటించడానికి డబ్బు ఇచ్చింది. నాలుగేళ్ల తర్వాత బ్రిటన్ పత్రికా విలేకరులు వెళ్లి చూస్తే వాటిలో చాలావరకు నీళ్లు లేక ఎండిపోయాయి. మొక్క ఇచ్చారు, నీళ్లు పోయడానికి కూలి ఇవ్వలేదు. మెట్ట రైతుకు ఇది చెప్పనవసరం లేదు. మొక్క నాటడం ఒకరోజు పని, బతికించడం మూడు ఎండాకాలాల పని.

ప్రభుత్వాలు ఎందుకు దిగాయి

ఇలాంటి వార్తలు పెరిగేకొద్దీ ప్రయాణికులకు నమ్మకం తగ్గింది. అప్పుడు ప్రభుత్వాలు రంగంలోకి దిగాయి. బ్రిటన్ ప్రభుత్వం 2006 నుంచి తన మంత్రులు, అధికారుల విమాన ప్రయాణాలకు పరిహారం కట్టడం మొదలుపెట్టింది. 2007 జనవరిలో ఆఫ్‌సెట్ అమ్మే కంపెనీలకు ప్రమాణాలు ప్రతిపాదించింది. 2009లో ఆ ప్రమాణాలు పాటించేవాళ్లకు ప్రభుత్వ ముద్ర ఇచ్చే పథకం పెట్టింది. ప్రజలు నమ్మి కొనాలని ఉద్దేశం. రెండేళ్లకే, 2011లో ఆ పథకాన్ని మూసేశారు. నార్వే ప్రభుత్వం కూడా తన ఉద్యోగుల విదేశీ విమాన ప్రయాణాలకు పరిహారం కడతామని 2007లో ప్రకటించింది.

యూరప్ దేశాలు ఇంకో అడుగు వేశాయి. 2012 నుంచి తమ నేల మీద దిగే, ఎగిరే విమానాలన్నీ పొగకు లెక్క చెప్పి అనుమతి పత్రాలు కొనాలన్నాయి. భారత విమానాలు కూడా కొనాలి. దీన్ని మన దేశం గట్టిగా వ్యతిరేకించింది. 2011 సెప్టెంబరులో ఢిల్లీలో పలు దేశాలు సమావేశమై యూరప్ నిర్ణయం చెల్లదన్నాయి. యూరప్ అడిగిన లెక్కలు ఇవ్వవద్దని మన ప్రభుత్వం విమాన సంస్థలకు చెప్పింది. చివరికి 2012 నవంబరులో యూరప్ వెనక్కి తగ్గింది.

అప్పుడు భారత ప్రభుత్వం చేసిన వాదన ఏమిటి? రెండు వందల ఏళ్లుగా పొగ విడిచింది మీరు. ఆ పొగతో బాగుపడింది మీరు. ఇప్పుడు అందరూ సమానంగా భారం మోయాలనడం న్యాయం కాదు. ఎవరు ఎంత పాడుచేశారో వాళ్లు అంత మోయాలి. ఈ వాదన సరైనదేనని మేము నమ్ముతాం. అయితే అదే వాదన దేశం లోపల కూడా వర్తిస్తుంది కదా! హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లి వచ్చే ఒక ప్రయాణికుడి వంతు పొగ, ఏ లెక్క వాడామన్నదాన్ని బట్టి, ఒక టన్ను నుంచి రెండు టన్నుల దాకా ఉంటుంది. సగటు భారతీయుడు ఏడాది మొత్తంలో విడిచేది దాదాపు రెండు టన్నులు. పోడు చేసుకుని, ఇప్పపూలు ఏరుకుని, సైకిల్ మీద సంతకు వెళ్లే మన కోయ, కొండరెడ్డి కుటుంబం విడిచేది ఆ సగటులో కొంతే. ఢిల్లీ యూరప్‌తో అన్న మాటను మన గూడెం ఢిల్లీతోనూ హైదరాబాద్‌తోనూ అనవచ్చు.

ఆ తగువు తర్వాత 2016 అక్టోబరులో కెనడాలోని మాంట్రియల్‌లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒక ఏర్పాటును ఆమోదించింది. దాని పేరు 'కోర్సియా'. విమాన సంస్థలు విదేశీ ప్రయాణాల పొగను ఒక హద్దు దాటి పెంచితే, పెరిగిన మేరకు ఆఫ్‌సెట్లు కొనాలి. 2024 నుంచి ఆ హద్దు 2019 నాటి పొగలో 85 శాతం. 2021 నుంచి ఇష్టపడిన దేశాలు చేరాయి. 2027 నుంచి ఇది తప్పనిసరి అవుతుంది, మన దేశం కూడా అప్పుడే చేరుతుంది. దేశం లోపల తిరిగే విమానాలకు ఇది వర్తించదు.

ఇన్నాళ్లూ ప్రయాణికుడి దయమీద నడిచిన పరిహారం ఇకపై కంపెనీల బాధ్యత అవుతోంది. విమాన సంస్థలు కోట్ల టన్నుల ఆఫ్‌సెట్లు కొనవలసి వస్తుంది. అవి ఎక్కడి నుంచి వస్తాయి? కొన్ని గాలిమరల నుంచి, కొన్ని పొయ్యిల పథకాల నుంచి, కొన్ని అడవుల నుంచి. దక్షిణ అమెరికాలోని గయానా దేశం ఇప్పటికే తన అడవుల పేరు మీద కోర్సియాకు పనికొచ్చే క్రెడిట్లు అమ్మకానికి పెట్టింది. అడవి ఉన్న ప్రతి చోటికీ ఈ బేరం వస్తుంది. మన చోటికి ఒకసారి వచ్చింది కూడా.

మన వైపు వచ్చిన లెక్క

మన చెట్ల చరిత్రను వరుసగా చూస్తే, బయటి లోకం అవసరం మారినప్పుడల్లా మన నేల మీద చెట్టు మారింది. ఒకప్పుడు టేకు కొట్టి గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి దించారు. తర్వాత కాగితం కోసం వెదురు పోయింది. 1979లో సారపాకలో భద్రాచలం పేపర్ బోర్డ్స్ మిల్లు నడక మొదలైంది. 1975లో ఏర్పడిన అటవీ అభివృద్ధి సంస్థ జామాయిల్ తోటలు వేసింది. 1990ల నుంచి మిల్లు తన 'భద్రాచలం క్లోన్' జామాయిల్ మొక్కలను రైతులకు అందించింది. నాలుగేళ్లకు కోతకు వచ్చే చెట్టు అది. ఇవాళ దమ్మపేట, అశ్వారావుపేట అంటే పామాయిల్. అప్పారావుపేటలో, అశ్వారావుపేటలో నూనె ఫ్యాక్టరీలు పనిచేస్తున్నాయి. టేకు, వెదురు, జామాయిల్, పామాయిల్. ఇవన్నీ కొట్టడానికో కోయడానికో వచ్చిన బేరాలు. చెట్టు నిలబడి ఉంటే డబ్బు ఇస్తామనే బేరం వీటి తర్వాత వచ్చింది.

2009 జూన్‌లో ఐక్యరాజ్యసమితి క్యోటో ఏర్పాటు కింద మన పాత ఖమ్మం జిల్లా పథకం ఒకటి నమోదైంది. దాని పేరులోనే ఖమ్మం జిల్లా ఉంది. తీవ్రంగా క్షీణించిన భూమిలో తిరిగి అడవి పెంచడం అని దాని అర్థం. చేపట్టింది ఐటీసీ సంస్థ, తన సామాజిక అడవుల కార్యక్రమంలో భాగంగా. విస్తీర్ణం 3,070 హెక్టార్లు, అంటే ఏడున్నర వేల ఎకరాలకు పైగా. ఏడాదికి 57,792 టన్నుల బొగ్గుపులుసు వాయువు చెట్లలో చేరుతుందని అంచనా వేశారు. భూములు చిన్న రైతులవి. మొత్తం దేశంలో అడవి పెంపకం కింద నమోదైన తొలి పథకాల్లో ఇది ఒకటి.

దీని వల్ల రైతుకు మేలు జరగలేదని మేము అనం. బీడు పడిన మెట్టలో జామాయిల్ వేసి, కర్ర అమ్ముకుని ఇల్లు కట్టుకున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. కానీ చెట్టుకు రెండు ధరలుంటాయని మనలో ఎంతమందికి తెలుసు? ఒకటి కర్ర ధర, టన్నుకు ఇంత అని. అది రైతుకు తెలుసు, కాటా దగ్గర బేరం ఆడతాడు. రెండోది గాలి ధర. దానికి కాటా లేదు, ఊళ్లో బేరం లేదు. ఎక్కడో కూర్చున్న పరిశీలకుడు కొలుస్తాడు, ఇంకెక్కడో నమోదు అవుతుంది. చెట్టు మన పొలంలోనే ఉన్నా దాని రెండో ధర మన ఊరి భాషలో లేదు.

క్యోటో ఏర్పాటులో అడవి క్రెడిట్లకు ఇంకో చిక్కు ఉంది. చెట్టు ఎప్పుడైనా కొట్టేయవచ్చు, కాలిపోవచ్చు. అందుకని అడవి క్రెడిట్లకు గడువు పెట్టారు. గడువు తీరితే కొన్నవాడు మళ్లీ కొనుక్కోవాలి. మన మాటలో చెప్పాలంటే అది అమ్మకం కాదు, కౌలు. యూరప్ మార్కెట్ ఈ కౌలు క్రెడిట్లను తీసుకోలేదు. అందువల్ల అడవి పథకాలకు అనుకున్నంత గిరాకీ రాలేదు. ప్రభుత్వాల నియమం ఒక్క వాక్యం మారితే ఊళ్లో చెట్టు ధర ఎలా పడిపోతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ఆంధ్ర వైపు అరకు లోయలో ఇంకో తీరు నడిచింది. 2010 తర్వాత నాంది ఫౌండేషన్, ఫ్రాన్స్‌కు చెందిన లైవ్లీహుడ్స్ ఫండ్ కలిసి ఆదివాసీ రైతుల భూముల్లో కాఫీతోపాటు మామిడి, జీడి, పనస వంటి లక్షల చెట్లు నాటించాయి. చెట్లలో చేరిన కర్బనానికి వచ్చే క్రెడిట్లు ఆ ఫండ్‌లో డబ్బు పెట్టిన కంపెనీలకు వెళ్తాయి. పండు, కాఫీ గింజ రైతుకే. ఆ కంపెనీల్లో తన యాత్రికుల విమాన ప్రయాణాలకు పరిహారం కట్టే ఒక ఫ్రాన్స్ పర్యాటక సంస్థ కూడా ఉంది. పారిస్‌లో ఎక్కిన విమానం పొగ, అరకు కొండ మీద పనస చెట్టు ఖాతాలో పడుతోందన్నమాట.

నమ్మకం తప్పినచోట

చెట్టు నాటితే మంచిదే కదా, ఎవరి డబ్బు అయితేనేం అని అడిగేవాళ్లుంటారు. నిజమే, చెట్టు మంచిదే. ప్రశ్న చెట్టు గురించి కాదు, లెక్క గురించి. ఒక కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ఈ లెక్కలో అనుమానం లేదు. భూమిలో కోట్ల ఏళ్లు దాగిన నూనె అది. ఒకసారి గాలిలోకి వస్తే వందల ఏళ్లు ఉంటుంది. దానికి బదులు పెట్టే చెట్టు నాలుగేళ్లకు కోతకు రావచ్చు, ఒక్క ఎండాకాలంలో ఎండిపోవచ్చు. ఒకటి ఖాయం, ఇంకోటి ఆశ. ఈ రెండింటి మధ్య సమానం గుర్తు పెట్టడమే ఆఫ్‌సెట్.

2023 జనవరిలో బ్రిటన్‌కు చెందిన గార్డియన్, జర్మనీకి చెందిన డీ జైట్ పత్రికలు పరిశోధించి, వెర్రా అనే సంస్థ ధ్రువీకరించిన వర్షారణ్య క్రెడిట్లలో 90 శాతానికి పైగా నిజంగా పొగను తగ్గించినవి కావని రాశాయి. ఆ సంస్థ దాన్ని ఒప్పుకోలేదు. 2024 మార్చిలో నెదర్లాండ్స్ న్యాయస్థానం కేఎల్ఎం విమాన సంస్థ చేసిన పర్యావరణ ప్రకటనలు తప్పుదారి పట్టించేవిగా ఉన్నాయని తీర్పు చెప్పింది. మొక్కలకు డబ్బు కట్టి ప్రయాణం భారం తీర్చుకోవచ్చనే మాట వాటిలో ఒకటి. పెద్ద దేశాల న్యాయస్థానాలే ఈ లెక్కను అనుమానిస్తున్నప్పుడు, ఆ లెక్కకు నేల ఇచ్చే మనం కళ్లు మూసుకుని సంతకం పెట్టకూడదు.

'క్షీణించిన భూమి' ఎవరిది

మన దేశంలో ఇప్పుడు చట్టాలు మారుతున్నాయి. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు. 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ల వ్యాపారానికి కేంద్రం పథకం ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో గ్రీన్ క్రెడిట్ నియమాలు వచ్చాయి. వీటి కింద క్షీణించిన అటవీ భూముల్లో మొక్కలు నాటించి కంపెనీలు క్రెడిట్లు పొందవచ్చు.

క్షీణించిన భూమి అంటే ఏది? కాగితం మీద బోసిగా ఉన్నది మన కంటికి బోసి కాదు. అది పశువులు మేసే బీడు. తునికాకు కోసే పొద. గడ్డి, దుంపలు, చీపురు పుల్లలు దొరికే చోటు. చాలాచోట్ల అది పోడు. 2015లో హరితహారం మొదలైన తర్వాత మొక్కలు నాటడానికి కందకాలు తవ్వుతామని అధికారులు, దున్నుకుంటామని మన జనం ఎన్ని ఊళ్లలో ఎదురెదురుగా నిలబడ్డారో అందరికీ తెలుసు. అప్పుడు మొక్క వెనక ప్రభుత్వ లక్ష్యం మాత్రమే ఉంది. రేపు ఆ మొక్క వెనక విమాన కంపెనీ డబ్బు కూడా ఉంటే ఆ పోటీ ఇంకా బిగుస్తుంది.

మన చేతిలో ఏమీ లేదని అనుకోకూడదు. 1970 నాటి ఒకటో నంబరు నిబంధన, మనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలుచుకునేది, షెడ్యూల్డ్ గ్రామాల్లో ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతుంది. అందులో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, కౌలు కూడా. 1996 నాటి పీసా చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వ్యక్తికి పోడు పట్టా ఇవ్వడంతో ఆగలేదు. ఊరంతా కలిసి తమ అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే సామూహిక హక్కును కూడా ఇచ్చింది. 2023లో మన రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు లక్షా యాభై వేల మందికి ఇచ్చారు. మంచిదే. కానీ పట్టా కోసం తిరిగినంతగా మనం సామూహిక హక్కు కోసం తిరగలేదు. రాబోయే బేరంలో అసలు బలం అక్కడే ఉంది. అటవీ హక్కుల చట్టంలో కార్బన్ అనే మాట లేదు. చెట్టు పీల్చిన గాలి ఎవరిది అనే ప్రశ్నకు సూటి జవాబు అందులో కనపడదు. జవాబు లేని చోట, ఆ అడవి మీద హక్కు పత్రం ఎవరి పేరుతో ఉంటే వాళ్ల మాటే ముందు వినపడుతుంది.

యువకులకు, టీచర్లకు

పరిహారం డబ్బు అంటరానిదని మేము చెప్పడం లేదు. అడవిని ఇన్ని తరాలు కాపాడినవాళ్లకు లోకం బాకీ ఉంది. ఆ బాకీ డబ్బు రూపంలో వస్తే తీసుకోవడం తప్పు కాదు. అయితే బేరం తెలిసి ఆడాలి. ఎవరైనా కాగితాలు పట్టుకుని ఊరికి వస్తే గ్రామసభలో కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ ఒప్పందం ఎన్నేళ్లు? ఆ కాలంలో చెట్టు కొట్టుకునే హక్కు, పంట మార్చుకునే హక్కు మాకు ఉంటుందా? చెట్లు చస్తే నష్టం ఎవరిది? టన్నుకు మాకు ఎంత, మీరు అమ్మేది ఎంతకు? మధ్యలో ఎందరున్నారు? కొన్నవాడు ఎవరు, వాడు తన పొగను కూడా తగ్గించుకుంటున్నాడా, లేక మా చెట్టు చూపించి ఇంకా ఎక్కువ విమానాలు నడుపుతున్నాడా? కాగితం తెలుగులో ఉందా? మన కోయ మాటలో పెద్దవాళ్లకు చదివి వినిపించారా? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా తీర్మానం వాయిదా వేయాలి. వాయిదా వేసే అధికారం గ్రామసభకు ఉంది.

టీచర్లకు ఇంకో పని ఉంది. పిల్లల చేత ఊళ్లోని చెట్ల లెక్క రాయించండి. కానుగ ఎన్ని, ఇప్ప ఎన్ని, మద్ది ఎన్ని, జామాయిల్ ఎన్ని, అవి ఎవరి భూమిలో ఉన్నాయి, ఏ ఏడు నాటినవి లేక తనంతట మొలిచినవి. ఈ లెక్క కంపెనీ దగ్గర ఉండి మన దగ్గర లేకపోతే, వాళ్లు చెప్పిందే అంకె అవుతుంది. మన లెక్క గ్రామసభ పుస్తకంలో ఉంటే బేరం ఇద్దరి మధ్య సమానంగా జరుగుతుంది.

కొత్తగూడెం దగ్గర విమానాశ్రయం కావాలన్న మాట కొన్నేళ్లుగా వింటూనే ఉన్నాం. అది వచ్చినా రాకపోయినా ఆకాశంలో విమానాలు పెరుగుతూనే ఉంటాయి. 2027 తర్వాత వాటి పొగకు చోటు వెతుక్కుంటూ మనుషులు అడవి ఊళ్లకు వస్తారు. పవర్‌గూడ ఆడవాళ్లు 2003లో టన్నుకు 4 డాలర్ల 39 సెంట్లకు ఒప్పుకున్నారు. అప్పటికి అడగడానికి వాళ్ల ముందు ఇంకో ఊరి అనుభవం లేదు. మన ముందు పవర్‌గూడ ఉంది, ఖమ్మం జిల్లా పథకం ఉంది, ఎండిపోయిన కర్ణాటక మామిడి మొక్కలు ఉన్నాయి. ఈ ఎండాకాలం లోపే ప్రతి గూడెంలోనూ సామూహిక అటవీ హక్కు దరఖాస్తు ఏ దశలో ఉందో కనుక్కోవాలి. పెట్టకపోతే పెట్టాలి, మూలన పడి ఉంటే కదిలించాలి. ఆ బేరం వచ్చేనాటికి ఆ పత్రం మన ఊరి పేరుతో ఉండాలి.